అడుగున ఒక మెట్టు

ఏ రిజిస్టర్లోనూ లేదు.
పోర్టు ఆఫీసులో అడిగితే చెదలు తిన్న బీరువా చూపించారు.
కనుక ఇది మా తాత చోడిపిల్లి కొర్లయ్య మాట మీద
నేను, షిప్‌యార్డులో ఓడల అడుగులు గీసేదాన్ని,
గీస్తున్న డ్రాయింగు.
కొలతలకు పూచీ నాది కాదు.

హార్బరు తవ్వుతున్న రోజులు.
డ్రెడ్జరు కక్కిన బురద గట్టున ఇంకా ఆరలేదు.
డాల్ఫిన్ ముక్కు కొండ దాటి
పడవొకటి పైనుంచి దిగింది.
పడవే.
ఎవరైనా విమానం అంటే తాతకి కోపం:
"ఇమానానికి చక్రాలుంటాయి. దీనికి లంగరుంది,
అడుగున ఊరిన నీల్లు తోడుకోడానికి రేకుడబ్బా ఉంది.
మరేటి, పడవ కాదా?"
పేట ఆడవాళ్లు పసుపునీళ్లు తెచ్చారు.
కొత్తపడవకి కుంకం పెట్టాలి కదా.
ముక్కేదో తేలక తోకకి పెట్టారు.

రెండంతస్తుల రెక్కలు, నడుమ బిగించిన తీగలు.
రెక్క చివర చెరొక బుడ్డి, తూలితే మోచెయ్యి ఆనించుకోడానికి.
ఇంజను నెత్తిమీద, వెనక్కి తిరిగి.
"ఉప్పునీల్లు ముక్కులోకెల్తే తుమ్ముద్ది కదా,
అందుకని ఎత్తున ఎట్టారు."
దేవదారు పలకలు రెండు వరసలు, ఐమూలగా, ఒకదానికొకటి అడ్డంగా,
నడుమ వార్నీషులో నానిన గుడ్డ.
రాగి మేకులు. ఎన్ని మేకులు!
లెక్కపెడుతుంటే మూడొందల దగ్గర ఎవరో చుట్ట అడిగారట,
మర్చిపోయాడు.

తాత బుద్ధెరిగి పడవకి మేకు కొట్టలేదు.
మావి కుట్టుపడవలు.
కొబ్బరిపీచు తాడు, పలకకి పలక.
కెరటం గుద్దితే ఒళ్లు వదులు చేసి ఊరుకుంటాయి.

దిగేటప్పుడు దుంగ తగిలి దాని పొట్ట చిరిగింది.
ఉప్పుటేరు ఒడ్డున తాటిమొద్దుల మీదకి లాగారు.
మెకానిక్కు రెబేరో పేటలోకొచ్చి అడిగాడు,
చెక్క తెలిసినవాడెవరని.
చెక్క తెలిసినవాడు వెల్లకిలా పడుకుని కిందకి పాకాడు.

చిరుగు మాట సరే.
సగం దాకా నున్నగా వచ్చిన అడుగు
అక్కడ ఠక్కున తెగి, నాలుగు వేళ్ల మందం పైకి జరిగి,
మళ్లీ మొదలవుతోంది.
మెట్టు.
పడవ అడుగున మెట్టేటి?
ఎవడో తాగి కోశాడనుకున్నాడు.
రెబేరో నిద్రపోతుంటే లాంతరు పెట్టుకుని
ఎవరూ అడక్కుండానే
ఆ మెట్టుని పనసచెక్కతో పూడ్చి
చేప వీపులా చిత్రిక పట్టాడు.
ముసలితనంలో కూడా ఆ పని తలుచుకుని
అరచెయ్యి నిమురుకునేవాడు.

తెల్లారి ఇంజను గర్జించింది.
నురగ రెండు పాయలై లేచింది.
కొంగలన్నీ ఎగిరిపోయాయి,
అదొక్కటీ ఎగరలేదు.
మూడుసార్లు, హార్బరు ఈ మూల నుంచి ఆ మూలకి.
తడిసిన అరిటాకు బండని కరుచుకున్నట్టు
నీళ్లు దాని పొట్టని కరుచుకున్నాయి.

రెబేరో కిందకి చెయ్యి పెట్టి తడిమాడు.
తిట్టలేదు. బురదలో కూర్చుని నవ్వాడు, చాలాసేపు.
ఎక్కడో చలిదేశపు సరస్సు మీద
మొదటి పడవలు కూడా ఇలాగే
లేవలేక పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయాయట.
మరీ నున్నటిదాన్ని నీళ్లు వదలవు.
ఎవరో అడుగున మెట్టు కట్టారు, ఆ సందులోకి గాలి దూరింది,
నీళ్లకి పట్టు తప్పింది.

తాత ఉలి తీసుకున్నాడు.
"నా సేత్తో నానే..."
ప్రతిసారీ ఇక్కడ ఆగిపోయేవాడు.

అది ఏ దిక్కుకి వెళ్లిందో ఆయనకి పట్టలేదు.
లేచినప్పుడు కడపటి చుక్కలు
మెట్టు అంచు నుంచే రాలాయని మాత్రం చెప్పేవాడు,
నాలుగు వేళ్లు చూపించి.

కూలి కింద డబ్బులతో పాటు రేకుడబ్బా ఇచ్చారు.
మా అమ్మ దాంతో చాలా ఏళ్లు బియ్యం కొలిచింది.
తవ్వ అనుకునేవాళ్లం.
కొట్టువాడి తవ్వతో చూస్తే
ఎప్పుడూ పిడికెడు తక్కువ.